కరెంటు పోయాక వెతికితే మెయిన్ వాల్వ్ దొరకదు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏటా చలికాలం ఒక మాట తప్పకుండా వినబడుతుంది. వింటర్ స్టార్మ్ వార్నింగ్ వస్తుంది, దుకాణాల్లో నీళ్ల సీసాలు, బ్రెడ్డు ఖాళీ అవుతాయి. అప్పుడు ఎవరో ఒకరు అంటారు: "కరెంటు కోతలు మనం చూడనివా? ఊళ్లో గంటల తరబడి తీసేసేవాళ్లు, లాంతరు పెట్టుకుని పరీక్షలకు చదివాం." అందరూ అవునంటారు. అక్కణ్నుంచి చర్చ జనరేటర్ మీదికి మళ్లుతుంది. ఎన్ని వాట్లది కొనాలి, ఎక్కడ చవక, ఇల్లంతా నడుస్తుందా అని.

ఈ ధీమా ప్రమాదకరమని నా అభిప్రాయం. మన ఊళ్లో కరెంటు పోతే ఆగేవి ఫ్యాను, టీవీ, మోటారు. తలుపులు తెరిచి అరుగు మీద కూర్చుంటే ఆ పూట గడిచిపోతుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ కొట్టినప్పుడు విశాఖలో రోజుల తరబడి కరెంటు లేదు. పాలకూ నీళ్లకూ ఫోన్ చార్జింగుకూ జనం అల్లాడిపోయారు. అయినా ఇంట్లో పడుకున్న మనిషి చలికి బిగుసుకుపోలేదు, పైకప్పులో పైపు పగిలి హాల్లో వర్షం కురవలేదు. టెక్సస్ చలిలో కరెంటు పోతే ముందు వేడి పోతుంది, దాని వెనకే నీళ్లు పోతాయి. ఆ రెంటినీ తట్టుకునే అలవాటు మనకు ఊరు నేర్పలేదు. అందుకే జనరేటర్ కొనాలా వద్దా అన్నది నా లెక్కలో చిట్టచివరి ప్రశ్న. ఇంటికి వచ్చే నీళ్లను మొత్తం ఆపే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో తెలియడం, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం ఉండటం, ఏ గదిలో మూడు రోజులు ఉండాలో ముందే తేల్చుకోవడం దానికి ముందు రావాలి. ఈ మూడింటికీ కలిపి అయ్యే ఖర్చు ఒక రెస్టారెంటు బిల్లంత ఉంటుంది.

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను గడ్డకట్టించిన మంచు తుపాను గురించి అందరికీ తెలుసు కాబట్టి ఒక్క విషయమే చెబుతాను. 15వ తేదీ తెల్లవారుజామున టెక్సస్ గ్రిడ్‌ను నడిపే సంస్థ ఎర్కాట్ కోతలు మొదలుపెట్టినప్పుడు వంతులవారీగా, అరగంటో ముప్పావుగంటో పోతుందని జనం అనుకున్నారు. ఆ వంతులు తిరగలేదు. ఆసుపత్రులు, ఇతర అత్యవసర సంస్థలు ఉన్న లైన్లను ఆపకూడదు. మిగిలినవన్నీ ఆపేసినా ఇంకా తగ్గించాల్సినంత లోటు ఉంది. దాంతో ఆసుపత్రి లైన్లో ఉన్న వీధికి కరెంటు పోనేలేదు, పక్క వీధికి మూడు రోజులు రాలేదు. 16న డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్. రాష్ట్రం అధికారికంగా లెక్కపెట్టిన మరణాలు 246. అందులో దాదాపు మూడింట రెండొంతులు చలికే. కాబట్టి మూడు రోజులు, 72 గంటలు అన్నదే కొలతగా పెట్టుకోవాలి. "గంటలో వస్తుందిలే" అనుకుని చేసే ఏర్పాటు అక్కరకు రాదు.

మరో భ్రమ కూడా ఉంది: "మాది గ్యాస్ హీటర్, కరెంటు పోయినా ఫరవాలేదు." గ్యాస్ ఫర్నేస్‌లో మంట వెలిగించే ఇగ్నైటర్, గాలి తోసే బ్లోవర్, రెంటినీ నడిపే బోర్డు అన్నీ కరెంటు మీదే పనిచేస్తాయి. కరెంటు లేకపోతే అది ఉత్త రేకు డబ్బా.

ధార వదలాలా, మెయిన్ కట్టేయాలా

చలిగాలులు వస్తున్నాయంటే అందరూ చెప్పే సలహా కుళాయిలు సన్నగా వదలమని. మంచి సలహాయే, కానీ సగమే. అది ఎందుకు పనిచేస్తుందో తెలిస్తే ఎప్పుడు పనిచేయదో కూడా తెలుస్తుంది.

పైపు పగిలేది సాధారణంగా మంచు పేరుకున్న చోట కాదు. పైపులో ఒకచోట మంచు బిరడాలా బిగుసుకుని పెరుగుతూ పోతుంది. ఆ బిరడాకూ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటికి దారి ఉండదు, ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ, ఒక మలుపు దగ్గరో అతుకు దగ్గరో, చీలుతుంది. కుళాయి కాస్త తెరిచి ఉంటే ఆ ఒత్తిడి బయటికి పోతుంది. నీళ్లు కదలడం వల్ల గడ్డకట్టవన్నది పాక్షికంగానే నిజం. అసలు లాభం ఒత్తిడి తగ్గడమే.

అందుకే బయటి గోడ మీద ఉన్న కుళాయిలు, మీటరుకు అన్నిటికంటే దూరంగా ఉన్న కుళాయి ముఖ్యం. వదిలేది వేడి, చల్ల రెండు లైన్లలోనూ పడాలి. ఒకే హ్యాండిల్ ఉన్న కుళాయైతే దాన్ని మధ్యలో పెట్టండి. చాలామంది చల్లనీళ్ల వైపే తిప్పి పడుకుంటారు. ఆటిక్‌లో, అంటే పైకప్పు కింది అటకలో, రెండు పైపులూ పక్కపక్కనే పోతున్నాయని మరిచిపోతారు. సింకు కింద అలమారా తలుపులు తీసి ఉంచండి. గార్డెన్ హోసు తప్పనిసరిగా ఊడదీయండి. హోసు తగిలించి ఉంటే నీళ్లు అందులోనే నిలిచి, గోడలోపలి పైపు దాకా గడ్డకడతాయి. పైన స్పాంజి కవరు తొడిగినా ఉపయోగం ఉండదు.

ఇదంతా కరెంటు ఉన్నంతసేపు. కరెంటు పోయి, ఇంట్లో ఉష్ణోగ్రత గంట గంటకూ పడిపోతుంటే లెక్క మారుతుంది. ఇక్కడి ఇళ్లకు బేస్‌మెంటు లేదు, కాంక్రీటు పలక మీద కడతారు. చాలా ఇళ్లలో నీళ్ల పైపులు ఆటిక్ గుండా పోతాయి. వేడెక్కని ఆటిక్‌లో, బయట 20 ఫారెన్‌హీట్ కిందికి దిగిందంటే పైపు గడ్డకట్టే అవకాశం బాగా పెరుగుతుంది. పైగా ఊరంతా ధార వదిలితే నీటి ఒత్తిడి పడిపోతుంది, నీటి శుద్ధి కేంద్రాలకే కరెంటు లేకపోతే మొత్తం ఆగిపోతుంది. 2021లో ఆస్టిన్, హ్యూస్టన్ లాంటి పెద్ద నగరాల్లోనే నీళ్లు మరిగించి తాగమని నోటీసులిచ్చారు. ధార వదిలిన కుళాయిలో ఒత్తిడే లేకపోతే ఆ ధార మనల్ని కాపాడదు.

అందుకని నా నియమం ఇది. కరెంటు పోయి ఇంట్లో ఉష్ణోగ్రత 45 ఫారెన్‌హీట్ దాకా పడి, తిరిగి వస్తుందన్న కబురు లేకపోతే మెయిన్ కట్టేసి పైపులు ఖాళీ చేయాలి. మరీ తొందరపాటు అని కొందరంటారు. మూడు రోజులు బకెట్ నీళ్లతో గడపాలంటే కష్టమే. సీలింగు ఊడి పడి, కార్పెట్లు పీకేసి, నెలల తరబడి కాంట్రాక్టరు కోసం ఎదురుచూడటంతో పోలిస్తే ఆ కష్టం ఎంతో చిన్నది.

కట్టడం ఎలా? చాలా ఇళ్లకు రోడ్డు పక్కన గడ్డిలో మూత ఉన్న మీటరు బాక్సు ఉంటుంది. మీటరుకు వీధి వైపున్న వాల్వ్ నగరపాలక సంస్థది, ఇంటి వైపున్నది మనది. మన వాల్వ్ అదే బాక్సులో ఉండొచ్చు, పక్కన ఇంకో చిన్న బాక్సులో ఉండొచ్చు. ఆ రెండో బాక్సు మీద ఏళ్ల తరబడి గడ్డి పెరిగి, లోపల మట్టి నిండి ఉంటుంది. అర్ధరాత్రి, మంచు కింద, ఫోన్ టార్చితో వెతికితే దొరకదు. నవంబరులో ఓ ఆదివారం తవ్వి, మట్టి తీసి, ఒకసారి తిప్పి చూడండి. హ్యాండిల్ ఉన్న బాల్ వాల్వ్ అయితే పావు తిప్పుకే మూసుకుంటుంది. గుండ్రటి చక్రం ఉన్న పాత గేట్ వాల్వ్ అయితే మెల్లగా చాలా తిప్పులు తిప్పాలి. బిగుసుకుపోయిన గేట్ వాల్వ్‌ని బలవంతం చేస్తే కాడ విరిగి చేతికొస్తుంది. అది నవంబరులో విరిగితే ప్లంబరు వస్తాడు. కొందరి వాల్వ్‌కు పొడుగాటి టీ ఆకారపు తాళం కావాలి, హార్డ్‌వేర్ షాపులో మీటర్ కీ అని అడిగితే ఇస్తారు.

మెయిన్ మూశాక వాటర్ హీటర్ సంగతి చూడండి. కరెంటుదైతే బ్రేకరు దించండి, గ్యాస్‌దైతే నాబ్ పైలట్ మీద పెట్టండి. ట్యాంకు ఖాళీ అయినప్పుడు కరెంటు తిరిగొస్తే లోపలి కాయిల్ కాలిపోతుంది. తర్వాత మేడ మీది కుళాయిలు అన్నీ తెరవండి, చివరికి బయట అన్నిటికంటే కిందున్న కుళాయి తెరవండి. టాయిలెట్లు ఫ్లష్ చేయండి. కుళాయిలు తెరిచే ఉంచండి. ఆఖరి చుక్క దాకా పోవాల్సిన పనిలేదు, మంచు వ్యాకోచించడానికి పైపులో ఖాళీ ఉంటే చాలు. ట్యాంకులోని నీళ్లు మాత్రం వృథాగా పోనివ్వకండి. 50 గ్యాలన్ల ట్యాంకంటే దాదాపు 190 లీటర్లు. మెయిన్ ముందే మూస్తే అవి శుభ్రమైన నీళ్లు, కింది వాల్వ్‌కు హోసు తగిలించి బిందెల్లోకి పట్టుకోవచ్చు. వేడిగా వస్తాయి, చెయ్యి జాగ్రత్త.

ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు కొత్త ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ట్యాంకు లేని వాటర్ హీటర్‌ని బయటి గోడకో ఆటిక్‌లోనో బిగిస్తున్నారు. దానిలోపల గడ్డకట్టకుండా చిన్న హీటర్లు ఉంటాయి. అవి కరెంటుతోనే నడుస్తాయి. కరెంటు పోయిన రాత్రి మొదట పగిలేది అదే కావచ్చు. దాని కింద చల్ల, వేడి పైపులకు రెండు వాల్వులు, పక్కనే రెండు చిన్న డ్రెయిన్ మూతలు ఉంటాయి. వాల్వులు మూసి, మూతలు తీసి, ఇన్‌లెట్ జల్లెడ విప్పి నీళ్లు కారనివ్వాలి. పది నిమిషాల పని. వెలుతురున్నప్పుడు ఒకసారి చేసి చూస్తేనే చీకట్లో చేతనవుతుంది.

చలికి తోడు పొగలేని విషం

మనకు కుంపటి తెలుసు. లంబసింగి చలికి, ఏజెన్సీ ఊళ్ల చలికి నెగడు వేసుకుని కూర్చోవడం తెలుసు. అక్కడి పెంకుటిళ్లలో, ఆరుబయట గాలి ఆడుతుంది. ఇక్కడి ఇల్లు చలిగాలి చొరబడకుండా నురగతో, టేపుతో బిగించి కట్టినది. ఇందులో బొగ్గులు పెట్టినా, గ్రిల్ లోపలికి తెచ్చినా, గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి కూర్చున్నా కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు. 2021 తుపానులో టెక్సస్‌లో 1400 మందికి పైగా ఈ విషంతో ఆసుపత్రుల తలుపు తట్టారు. హ్యూస్టన్‌లో గరాజ్‌లో కారు ఆన్ చేసి ఉంచిన ఒక ఇంట్లో తల్లి, ఏడేళ్ల కూతురు చనిపోయారు. గరాజ్ తలుపు తెరిచి ఉంచితే చాలని అనుకోకండి. ఇంటికి ఆనుకున్న గరాజ్ నుంచి ఆ వాయువు లోపలికి పాకుతూనే ఉంటుంది.

కాబట్టి అలారం కొనండి. బ్యాటరీతో నడిచేది, పడకగదుల బయట ఒకటి, మేడ ఉంటే అక్కడ ఒకటి. ఇప్పటికే ఉంటే వెనక్కి తిప్పి తేదీ చూడండి. వీటి ఆయుష్షు 7 నుంచి 10 ఏళ్లే. తర్వాత లైటు వెలుగుతుంది గానీ వాయువును పసిగట్టకపోవచ్చు. ఎప్పుడో ఒకసారి కీచుమంటే బ్యాటరీ అయిపోయిందని అర్థం. నాలుగు కూతలు, విరామం, మళ్లీ నాలుగు కూతలు అంటే వెంటనే అందరూ బయటికి వచ్చి 911కి ఫోన్ చేయాలి. బ్యాటరీ పీకేసి మళ్లీ పడుకోవడం చావును పిలవడమే. తలనొప్పి, వికారం, మత్తు ఇంట్లో అందరికీ ఒకేసారి వచ్చాయంటే అది ఫ్లూ అనుకోకండి.

గ్యాస్ పొయ్యి ఉన్నవాళ్లు అగ్గిపుల్లతో బర్నరు వెలిగించి అన్నం వండుకోవచ్చు, చాలా పొయ్యిలు అలా వెలుగుతాయి. కిటికీ కాస్త తీసి, వంట అయ్యాక ఆపేయండి. ఇల్లు వెచ్చబడటానికి మాత్రం వెలిగించి వదలొద్దు. పిక్నిక్కులకు వాడే బ్యూటేన్ డబ్బా పొయ్యిని ప్యాటియోలో వాడదామనుకుంటే ఒక సంగతి: బ్యూటేన్ దాదాపు 31 ఫారెన్‌హీట్ దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. అంటే సరిగ్గా అవసరమైన రోజునే వెలగదు. బయట వండాలంటే ప్రొపేన్‌దే పనికొస్తుంది.

ఇల్లంతా వెచ్చగా ఉంచే ప్రయత్నం వదిలేయండి

మనవాళ్ల ప్రణాళికల్లో ఎక్కువగా దారితప్పేది ఇక్కడే. ఒక స్పేస్ హీటరు 1500 వాట్లు తాగుతుంది. వెయ్యి వాట్ అవర్ల పవర్ స్టేషన్, అంటే చేత్తో మోయగల పెద్ద బ్యాటరీ పెట్టె, కొని దాన్ని తగిలిస్తే అరగంట దాటితే గొప్ప. అదే పవర్ స్టేషన్‌కు వంద వాట్ల ఎలక్ట్రిక్ దుప్పటి తగిలిస్తే ఒక రాత్రి గడుస్తుంది. మనిషిని వెచ్చగా ఉంచడం చవక, గాలిని వెచ్చబెట్టడం ఖరీదు. ఆ పవర్ స్టేషన్‌ని గరాజ్‌లో పెట్టకండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 32 ఫారెన్‌హీట్ కింద చార్జింగు తీసుకోదు.

గది ఎంచుకోవడంలో అందరూ పెద్ద బెడ్రూమే అంటారు. ఇక్కడి ఇళ్లలో దానికి రెండు బయటి గోడలు, పెద్ద కిటికీలు. చిన్న గది, వీలైతే మేడ మీద, లోపలి వైపు ఉన్నది మేలు. కిటికీ లేని పెద్ద బట్టల గది రాత్రి పడుకోవడానికి ఇంకా బాగుంటుంది, అందులో దీపం గానీ కొవ్వొత్తి గానీ వెలిగించకూడదన్న షరతు మీద. పరుపులు నేల మీద పరచండి, తలుపు కింద సందులో టవల్ కుక్కండి, పిల్లల క్యాంపింగ్ టెంటు ఉంటే పరుపు మీదే వేయండి. వెలుతురుకు తలకు కట్టుకునే ఎల్‌ఈడీ లైట్లు తలా ఒకటి. రెండు చేతులూ ఖాళీగా ఉండటం ఎంత అవసరమో వాల్వ్ తిప్పేటప్పుడు తెలుస్తుంది.

ఇండియా నుంచి వచ్చి ఉంటున్న అమ్మానాన్నల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పెద్దవాళ్లకు ఇంట్లో 60 ఫారెన్‌హీట్ ఉన్నా గంటల తరబడి కూర్చుంటే శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పడిపోవచ్చు. "నాకేం చలి వెయ్యట్లేదురా" అని నాన్నగారు అంటే నమ్మకండి. మాట ముద్దగా వస్తుంటే, వణుకు ఆగిపోయి మగతగా ఉంటే ఆలస్యం చేయొద్దు. ఇన్సులిన్ గడ్డకడితే పనికిరాదు, లోపలి జేబులో పెట్టుకోవాలి. బీపీ, షుగర్ మాత్రలు కనీసం రెండు వారాలకు సరిపడా ఉండాలి.

తిండి విషయంలో మనకు ఇబ్బంది తక్కువే. అటుకులు, మరమరాలు, పేలాలపిండి, జంతికలు, పచ్చళ్లు, కరెంటు పోకముందే కలిపి పెట్టిన పులిహోర. ఫ్రీజరు నిండుగా ఉండి తలుపు తీయకపోతే 48 గంటలు ఆగుతుంది, ఫ్రిజ్ నాలుగు గంటలే. తాగడానికి మనిషికి రోజుకు ఒక గ్యాలన్. బాత్ టబ్ ముందు రోజే నింపితే అది టాయిలెట్‌కు. కార్లున్న గరాజ్ తలుపు ఆటోమేటిక్‌దైతే పైన వేలాడే ఎర్రతాడు ఎక్కడుందో, లాగాక తలుపు చేత్తో ఎలా ఎత్తాలో ఇంట్లో ఇద్దరికైనా తెలియాలి.

జనరేటర్ వద్దని కాదు

ఇన్ని రాశాక కూడా ఉన్నవాళ్లు కొంటే మంచిదే. 2000 వాట్ల చిన్న ఇన్వర్టర్ జనరేటర్ గ్యాస్ ఫర్నేస్‌ను నడపగలదు, ఎందుకంటే దాని బ్లోవర్, బోర్డు కలిపి 500-800 వాట్ల మధ్యే తీసుకుంటాయి. హీట్ పంప్, అంటే గ్యాస్ లేకుండా కరెంటుతోనే వేడినిచ్చే యంత్రం, ఉన్న ఇంటికి ఆ ఆశ లేదు. ఫర్నేస్‌కు ఎలక్ట్రీషియన్ చేత జనరేటర్ వైరు తగిలించే ఇన్‌లెట్, వీధి లైన్‌ను తప్పించి జనరేటర్‌కు మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ పెట్టించాలి. రెండువైపులా ప్లగ్గున్న వైరుతో గోడ సాకెట్‌లోకి కరెంటు ఎక్కిస్తే అది వీధి లైన్లోకి వెళ్లి అక్కడ పనిచేసే లైన్‌మన్‌ని చంపుతుంది.

ఎక్కువమంది చతికిలబడేది ఇంకోచోట. కిందటేడు నింపిన పెట్రోలు కార్బురేటర్‌లో జిగటగా మారి, తాడు ఎంత లాగినా స్టార్ట్ కాదు. నెలకోసారి లోడుతో నడపాలి, పక్కన పెట్టేముందు కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా తిప్పాలి. స్టార్ట్ అయ్యాక ఫర్నేస్ వెలిగి పది సెకన్లలో ఆరిపోతుంటే కంగారుపడకండి. చాలా ఇన్వర్టర్ జనరేటర్లలో న్యూట్రల్ ఎర్తుకు కలిసి ఉండదు, దాంతో ఫర్నేస్‌లోని మంట సెన్సరు మంటను గుర్తించలేకపోతుంది. బాండింగ్ ప్లగ్ అని చిన్న వస్తువు ఉంటుంది, దాన్ని వాడొచ్చో లేదో స్విచ్ పెట్టిన ఎలక్ట్రీషియన్‌నే అడగండి. జనరేటర్ ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ అవతలికి పోయేలా ఉండాలి.

ఇంటి మీద సోలార్ ఉంది కదా అనేవాళ్లకు: బ్యాటరీ లేకపోతే లైన్లో కరెంటు పోగానే ఆ ప్యానెళ్లు కూడా ఆగిపోతాయి. ఎలక్ట్రిక్ కారు ఉన్నవాళ్లకు మాత్రం ఒక సౌలభ్యం ఉంది. పొగ లేదు కాబట్టి గరాజ్‌లోనే కూర్చుని వెచ్చబడొచ్చు. ఐయోనిక్ 5 లాంటి వాటికి అడాప్టరు పెడితే 1900 వాట్ల దాకా బయటికి ఇస్తాయి. తుపాను ముందు రోజు పూర్తిగా చార్జ్ చేయండి.

ఇప్పుడు గ్రిడ్ బాగుపడింది కదా

ఇది బలమైన అభ్యంతరమే. 2011 ఫిబ్రవరిలో కోతలు వచ్చాక విద్యుత్ కేంద్రాలను చలికి సిద్ధం చేయమని ఫెడరల్ నివేదిక చెప్పినా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2021 తర్వాత చట్టం చేసి తప్పనిసరి చేశారు. 2022 డిసెంబరు, 2024 జనవరి చలిగాలులను గ్రిడ్ కోతల్లేకుండా దాటింది. పెద్ద బ్యాటరీలు కూడా వచ్చాయి. 2021 అచ్చంగా అలాగే మళ్లీ వస్తుందని నేనూ అనను.

కానీ 2023లో, జనవరి నెలాఖరు నుంచి ఫిబ్రవరి మొదటి రోజుల దాకా ఆస్టిన్‌లో జరిగింది వేరు. గ్రిడ్‌లో విద్యుత్తు నిక్షేపంలా ఉంది. చెట్ల కొమ్మల మీద మంచు గాజులా పేరుకుని, కొమ్మలు విరిగి తీగల మీద పడ్డాయి. కొందరికి రోజుల తరబడి కరెంటు రాలేదు. దానికి ఎర్కాట్ చేయగలిగింది ఏమీ లేదు. మన వీధిలో ముసలి ఓక్ చెట్టు తీగకు ఆనుకుని ఉంటే మన ప్రమాదం అక్కడే ఉంది.

"అంతగా అయితే స్నేహితుల ఇంటికి పోతాం" అనేవాళ్లు వెళ్లాల్సింది రోడ్లు ఎండి ఉన్నప్పుడే. 2021 ఫిబ్రవరి 11న ఫోర్ట్‌వర్త్‌లో ఐ-35 వెస్ట్ మీద, నున్నటి మంచు పొర మీద 133 బండ్లు గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు మెయిన్ వాల్వ్ చేతిలో ఉండదు. పై అంతస్తులో స్ప్రింక్లర్ పైపు పగిలితే వాళ్ల ఇంట్లోకే నీళ్లు. లీజింగ్ ఆఫీసులో అత్యవసర నంబరు ముందే తీసుకోవడం, పాస్‌పోర్టులు, ఐ-797 అనే వీసా అనుమతి కాగితాలు, సర్టిఫికెట్లు జిప్ సంచుల్లో వేసి నేల మీద కాకుండా ఎత్తున పెట్టడం వాళ్లు చేయగలిగిన పని.

కరెంటు తిరిగొచ్చాక

నష్టం ఎక్కువగా జరిగేది అప్పుడు. పైపు చీలేది గడ్డకట్టినప్పుడే అయినా, ఆ చీలికను మంచే మూసి ఉంచుతుంది. ఇల్లు వెచ్చబడి మంచు కరగగానే నిమిషానికి గ్యాలన్ల కొద్దీ నీళ్లు సీలింగులోకి పోతాయి. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అని నిద్రపోతున్న వేళ. అందుకే కరెంటు వచ్చినా మెయిన్ వెంటనే తెరవకండి. ఇల్లు, ఆటిక్ పూర్తిగా వెచ్చబడేదాకా, బయట ఎండ తగిలేదాకా ఆగండి. ఎక్కడైనా గడ్డకట్టి ఉందనిపిస్తే కుళాయి తెరిచి ఉంచి, కుళాయి వైపు నుంచి వెనక్కి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయండి. మంటతో మాత్రం వద్దు.

తెరిచేటప్పుడు ఇద్దరు కావాలి. ఒకరు మీటరు బాక్సు దగ్గర, ఒకరు ఆటిక్‌లో టార్చితో, ఇద్దరూ ఫోన్లో. మేడ మీది కుళాయిలు కాస్త తెరిచి ఉంచి, వాల్వ్‌ని మూడు వేళ్ల మందం తిప్పి ఆగండి. కుళాయిల్లోంచి గాలి దగ్గినట్టు వస్తుంది, తర్వాత నీళ్లు. అవి సాఫీగా పడ్డాక కుళాయిలన్నీ మూసేయండి. ఆటిక్‌లో ఉన్నవాళ్లు మాట్లాడకుండా చెవి పెట్టి వినాలి. కుళాయిలన్నీ మూశాక కూడా బుసబుసమన్న చప్పుడు వినబడితే, ఇన్సులేషన్ మీద ఎక్కడైనా తడి మచ్చ కనబడితే, "మూసెయ్" అనాలి. ఏమీ లేకపోతే ఇంకాస్త తిప్పి, మీటరు మీద చిన్న ఎర్ర ముల్లును చూడండి. పావుగంట అది కదలకుండా ఉంటే వాటర్ హీటర్ నిండిందని నిర్ధారించుకుని అప్పుడు దాని బ్రేకరు ఎత్తండి.